భీవండి సుందరి

మా ఇంటికి రంగుల టీవీ మస్కట్ డబ్బులతో వచ్చింది. మస్కట్‌లో పనిచేసే మా మరిది కొన్నాడు. ముందు గదిలో అందరూ చూసేటట్టే పెట్టాడు కానీ, రిమోట్ మాత్రం ఆయన భార్య దగ్గర ఉండేది. ఆమె నా యారాలు. తోటికోడలిని మేము అట్లా అంటాం. నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది.

నేను సిరిసిల్ల దాన్ని. మా నాన్న, మా అన్నలు మగ్గం పనివాళ్ళు. మూడో తరగతి అయ్యాక బడి మానిపించి కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. పెళ్ళయి కోరుట్ల వచ్చాక అత్తమ్మ దగ్గర బీడీలు చుట్టడం నేర్చుకున్నాను. తరవాత కుట్టుమిషన్ కూడా నేర్చుకున్నాను. ఉత్తరం తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

యారాలు జగిత్యాల పిల్ల. ఇంటర్ దాకా చదివింది. పొడుగు, తెలుపు. మేమిద్దరం పెళ్ళికి పోతే ఎవరైనా ముందు ఆమెను పలకరించి, తరవాత నన్ను చూపించి "ఈమె ఎవరు" అని ఆమెనే అడిగేవారు. ఆమెకు మస్కట్ నుంచి సబ్బులు, సెంటు సీసాలు, పూల దుప్పటి వచ్చేవి. సబ్బు నాకు కూడా ఒకటి ఇచ్చేది. నేను వాడకుండా పెట్టెలో పెట్టేదాన్ని. వాడితే ఆమె వాసన వస్తానని.

మా ఆయన మాత్రం ఏ దేశమూ పోలేదు. పెళ్ళికి ముందు రెండేళ్ళు ముంబై దగ్గర భీవండిలో మగ్గం నడిపి, దగ్గు పట్టుకుంటే తిరిగి వచ్చాడు. అప్పటి నుంచి కోరుట్ల, జగిత్యాల మధ్య ఆటో తోలేవాడు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ, యారాలు, నేను చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నాం. వాడకట్టు ఆడవాళ్ళు నలుగురైదుగురు కూడా తమ చాటలు తెచ్చుకుని వచ్చారు. టీవీ చూస్తే చేయి తొందరగా నడుస్తుందని వాళ్ళ నమ్మకం. యారాలు చానెళ్ళు మారుస్తూ ఒక చోట ఆపింది. అందాల పోటీ. ప్రపంచంలోని దేశాల నుంచి ఒక్కొక్క పిల్ల వచ్చింది. అందరికీ భుజం మీద నుంచి నడుం దాకా అడ్డంగా ఒక పట్టీ ఉంది.

"గా పట్టీ ఏందే?" అని అత్తమ్మ అడిగింది.

"ఆమెది ఏ దేశమో రాసుంటది అత్తమ్మా. ఆమె గెలిస్తే దేశం గెలిచినట్టు," అంది యారాలు.

"జర బట్ట ఎక్కువ ఏసుకొని గెలిస్తే ఏమయితుండె?" అంది పక్కింటి ఆమె. ఆమె భర్త కువైట్‌లో ఉండేవాడు. మనిషి లావు, నోరు ఇంకా లావు. అందరం నవ్వాం.

నవ్వాను గానీ నా కన్ను టీవీ మీదే ఉంది. వాళ్ళ పాదాలు చూశాను. ఒక్కదానికీ మడమ పగల్లేదు. చేతులు ఊపుతుంటే వేళ్ళు చూశాను. బీడీ మూతులు మడిచి మడిచి నా బొటనవేలి గోరు అరిగి పసుపుపచ్చగా ఉంటుంది. ఎంత కడిగినా అన్నం ముద్దలో పొగాకు వాసన వస్తుంది. ఆ పిల్లల వేళ్ళకు ఏ పనీ అంటలేదు. నాకు కోపం వచ్చింది. వాళ్ళు ఎక్కడ, నేను ఎక్కడ. అయినా వచ్చింది.

నడిచి నడిచి కొందరు మిగిలారు. మిగిలినవాళ్ళను తలా ఒక ప్రశ్న అడిగారు. వాళ్ళు గొంతు తడబడకుండా చెప్పారు. చివరికి ఇద్దరే చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఒకామె దేశం పేరు పిలిచారు. పిలవని ఆమె వెంటనే గెలిచినామెను కౌగిలించుకుని నవ్వింది. ఆ నవ్వు నేను నమ్మలేదు. నేనైతే చెయ్యి గట్టిగా గిచ్చి వదిలేదాన్ని.

"అక్కా, గా సముద్రంల ఉన్న దేశం చూసినవా?" అంది యారాలు. "మన దిక్కు జనమంత గూడ ఉండరట గాడ. దానికో పిల్ల, దానికో పట్టీ. మనకేది?"

"మనకు ఇండియా లేదానే?" అన్నాను.

"ఇండియాకు ఉన్నది. తెలంగాణకేది?"

అది ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా నడుస్తున్న కాలం. బస్సులు నడిస్తే నడిచేవి, లేకపోతే డిపోలోనే ఉండేవి. కోరుట్లలో రోడ్డు పక్కన టెంటు వేశారు. రోజుకో వృత్తివాళ్ళు వచ్చి కూర్చునేవారు. వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోకుండా తమ పని ఏదో రోడ్డు మీద చేసి చూపించేవారు. మంగలివాళ్ళు నడిరోడ్డు మీద కుర్చీలు వేసి గడ్డాలు గీశారు. ఇంకో రోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేసి, వచ్చిపోయేవాళ్ళకు వడ్డించారు. టెంటు చూసుకునేది ఒక బడి సారు. ఆయన మా వాడకట్టుకు వచ్చి, "వచ్చే వారం బీడీలోళ్ళ వంతు. మీరేం జేస్తరమ్మా?" అని అడిగాడు.

"బీడీలు జేస్తం. ఇంకేం జేస్తం?" అంది కువైట్ ఆమె.

"రోడ్డు మీద బీడీలు జేస్తే ఎవరు జూస్తరు? ఇండ్లల్ల రోజు జూస్తనే ఉన్నరు గద," అంది యారాలు. "అందాల పోటీ పెడదాం సార్. అన్ని దేశాలోళ్ళు పట్టీలు ఏసుకొని నిలబడాలె. గా లైన్ల తెలంగాణ గూడ నిలబడాలె."

సారు నవ్వాడు. "దేశాల లైన్ల రాష్ట్రం ఎట్ల నిలబడతదమ్మా?"

"రాష్ట్రం గూడ ఇయ్యకపోయిరి గద సార్. అందుకే దేశాలల్లనే నిలబెడుతున్నం."

సారుకు ఆ మాట బాగా నచ్చింది. వెంటనే కాగితం తీసి దేశాల పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఫ్రాన్స్, జపాన్, బ్రెజిల్ అని చదివాడు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గవి మనకేమెర్క సార్? గాడ మనోళ్ళు ఎవలున్నరు?" అంది కువైట్ ఆమె. "ఎవలి మొగడు ఏ దేశంల ఉంటే ఆమెది గా దేశం. నాది కువైట్. రాసుకో."

"గా దేశాలల్ల ఆడోళ్ళు గిసొంటి పోటీలకు పోరమ్మా."

"ఆళ్ళు పోకుంటే ఏంది, ఆళ్ళ తరపున మేం పోతం."

ఆ మాటతో అందరూ ఒక్కసారే అరవసాగారు. నాది దుబాయ్, నాది సౌదీ, నాది బహ్రెయిన్, మా కొడుకు ఖతర్‌ల ఉన్నడు నాకు ఖతర్ రాయి. మస్కట్‌కు ముగ్గురు పోటీ పడ్డారు. నేను గోడకు ఆనుకుని నిలబడి లెక్క చూసుకున్నాను. మా వాడకట్టులో మొగుడో కొడుకో బయటి దేశంలో లేని ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నేళ్ళూ అది నాకు సిగ్గుగా ఉండేది. ఆ నిమిషంలో మాత్రం గుండె ఎగిరింది. ఎవరి మొగుడు ఎక్కడుంటే ఆమెది ఆ దేశం. నా మొగుడు ఇక్కడే ఉన్నాడు. అంటే తెలంగాణ నాది. అడగకుండానే నాకు రావాలి.

నోరు తెరిచి చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతే కదా అనుకున్నాను. పట్టీలకు బట్ట నేను తెస్తానని మాత్రం అన్నాను.

మర్నాడు బస్సులు లేవు. మూడు ఆటోలు మారి, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాను. మా అన్న మగ్గం మీద నుంచి తెల్ల బట్ట కోసి ఇచ్చాడు. "ఎందుకే గింత బట్ట?" అంటే, "నేను తెలంగాణ అయితున్న అన్నా," అన్నాను. వదిన పగలబడి నవ్వింది. "గీమెనా? అయితే రాష్ట్రం అచ్చినట్టే," అంది. నాకు కోపం రాలేదు. తిరుగు ప్రయాణంలో బట్ట మూటను ఒళ్ళో పెట్టుకుని, ఎట్లా నడవాలి, చెయ్యి ఎట్లా ఊపాలి అని ఆలోచించుకుంటూ వచ్చాను. పక్కన కూర్చున్న ముసలాయన, "ఏం బిడ్డా, చెయ్యి గుంజుతున్నదా?" అని అడిగాడు. తెలియకుండానే ఊపుతున్నట్టున్నాను.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో అందరూ కూర్చుని ఉన్నారు. సారు కూడా ఉన్నాడు. తెలంగాణ పట్టీ యారాలి పేరున కాగితం మీద రాసేశారు. పేపర్ల వాళ్ళు వస్తారు, ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి, చదువుకున్న మనిషి కావాలి అని సారు అన్నాడట. చూడటానికి కూడా బాగుండాలి అని ఎవరో అన్నారట.

"మరి దేశం లెక్కేమయింది? ఆమె మొగడు మస్కట్‌ల ఉన్నడు గద," అన్నాను.

"మస్కట్‌కు వేరేటోళ్ళు ఉన్నరమ్మా," అన్నాడు సారు.

"నాకేది మరి?"

కువైట్ ఆమె తొడ చరిచింది. "నీకు భీవండి ఇద్దాం! మీ ఆయన గాడనే గద చేసింది. భీవండి సుందరి!"

వాకిలంతా నవ్వింది. అత్తమ్మ కూడా నవ్వింది. యారాలు నవ్వలేదు. "అక్కా, నీకు కావాల్నా? నువ్వే ఏసుకో," అంది. అందరి ముందు అట్లా అంటే ఏమని చెప్పను? "నాకెందుకు, కుట్టేది ఉన్నది," అని లోపలికి పోయాను.

పట్టీలు కుట్టాను. మా వెనక వీధి పెయింటర్ భాయ్ వచ్చి ఎర్ర రంగుతో పేర్లు రాశాడు. సౌదీ పట్టీ రాస్తూ, "సౌదీల మా తమ్ముడున్నడమ్మా. గీ పోటీ సంగతి ఆడ ఎర్కయితే ఆన్ని రేపే ఇమానం ఎక్కిస్తరు," అని తానే నవ్వుకున్నాడు. తెలంగాణ పట్టీ అందరికంటే పెద్ద అక్షరాలతో రాశాడు. అది ఆరేసి ఉంటే దాని ముందు నుంచి పోయినప్పుడల్లా లెక్క చూసుకునేదాన్ని. బట్ట మా అన్నది. కుట్టు నాది. మొగుణ్ణి ఇక్కడే ఉంచుకున్నది నేను. వేసుకునేది ఆమె.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు యారాలు నీళ్ళకు పోయినప్పుడు అత్తమ్మ పక్కన కూర్చున్నాను. ఆకు కత్తిరిస్తూ మెల్లగా మొదలుపెట్టాను.

"అత్తమ్మా, టీవీల ఆ పిల్లలు ఎట్ల నడిచిన్రో సూసినవు గద. నడుం మీద చెయ్యి పెట్టుకొని."

"సూసిన. అయితే?"

"చెల్లె గూడ గట్లనే నడుస్తదట. పేపర్ల ఫొటో పడతది. మస్కట్‌ల మరిది రూముల ఎంతమంది ఉంటరో. ఆళ్ళందరు సూస్తే మరిది మొఖం ఎట్ల పెట్టుకుంటడో అని నాకు గుబులైతున్నది."

అత్తమ్మ చెయ్యి ఆగింది. అంతకంటే నేను ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

యారాలు బిందె దించకముందే అత్తమ్మ అందుకుంది. "నువ్వు గా పోటీకి పోవుడు లేదు. నా కొడుకు గాడ కష్టపడుతుంటే నువ్వు ఈడ రోడ్డు మీద నడుం తిప్పుతవా?"

"నడుం తిప్పుడు ఏంది అత్తమ్మా? అది ఉత్త ఆట. తెలంగాణ కోసం..."

"తెలంగాణ వేరేటోళ్ళు తెస్తరు. నువ్వు ఇంట్ల ఉండు."

యారాలు నా వైపు చూసింది, నేను ఒక మాట సాయం చేస్తానేమో అని. నేను బీడీకి దారం చుడుతున్నాను. ఆమె బిందె లోపల పెట్టి వచ్చి, తన చాట ముందు కూర్చుంది. అరగంట తరవాత, "ఇగ అక్కనే ఏసుకోవాలె. ఇంకెవలున్నరు?" అంది.

ఆ సాయంత్రమే పట్టీని నా కొలతకు కోసుకున్నాను. ఆమె నాకంటే జానెడు పొడుగు. కోసిన ముక్కను మిషన్ సొరుగులో వేశాను.

ప్రశ్న ఏమిటో సారు ముందే చెప్పి ఉన్నాడు. గెలిస్తే ఏం చేస్తావు అని అందరినీ అడుగుతాడు. నాకు ఏమీ తోచలేదు. "నీళ్ళు, ఉద్యోగాలు అని చెప్తే సరిపోతదా?" అని యారాలినే అడిగాను. నా సిగ్గులేనితనం అట్లా ఉండేది అప్పుడు.

"అందరు గదే చెప్తరు అక్కా. నేనొకటి అనుకున్న. చెప్త, నేర్చుకో."

రెండు రోజులు బీడీలు చుడుతూ నాతో చెప్పించింది. నేను మధ్యలో మరిచిపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పించేది. "కింద సూడకు అక్కా, జనం దిక్కు సూడు," అనేది. "మస్కట్ అన్నప్పుడు జర ఆగు," అనేది. తానే నిలబడి చూపించేది. ఆమె చెప్తుంటే అత్తమ్మ కూడా చాట పక్కన పెట్టి వినేది. అంత బాగా నాకు ఎప్పటికీ రాదని నాకు తెలుస్తూనే ఉంది. దానికీ ఒళ్ళు మండేది.

ఆ రోజు టెంటు ముందు తొమ్మిదిమందిమి వరసగా నిలబడ్డాం. అందరం కొంగు నిండుగా కప్పుకుని, దాని మీద పట్టీలు వేసుకున్నాం. మస్కట్, దుబాయ్, సౌదీ, కువైట్, బహ్రెయిన్, ఖతర్. దుబాయ్‌లు ఇద్దరు, మస్కట్‌లు ఇద్దరు. చివర నేను. భీవండి పట్టీ కుట్టనే లేదు. డప్పులు కొడుతున్నారు. ఖతర్ పట్టీ వేసుకున్న ముసలమ్మ రెండడుగులు వేసి చెయ్యి ఊపితే జనం ఈలలు వేశారు. "టీవీల పోరి లెక్క లేనా?" అని ఆమె అరిచింది. కువైట్ ఆమె నడిస్తే, "జరగుండ్రి, కువైట్ అస్తున్నది, రోడ్డు సరిపోదు," అని ఎవరో అన్నారు. "నీ అయ్య రోడ్డా?" అంది ఆమె. అంతా నవ్వులే.

సారు మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ అడిగాడు. గెలిస్తే ఏం చేస్తావు? దుబాయ్ ఆమె, చెరువు నింపిస్త అంది. సౌదీ ఆమె సిగ్గుతో కొంగు నోట్లో పెట్టుకుంది. చివరికి నా దగ్గరికి వచ్చాడు. జనం దిక్కు చూశాను, ఆమె చెప్పినట్టే.

"నేను గెలిస్తే," అన్నాను, "గీ లైన్ల ఉన్నోళ్ళందరి పట్టీలు తీసేయిస్త. మస్కట్..." అని ఆగాను, ఆగమన్న చోట. "మస్కట్ అద్దు, దుబాయ్ అద్దు, సౌదీ అద్దు. ఆళ్ళ మొగోళ్ళు ఇంటికి రావాలె. అందరికి ఒక్కటే పట్టీ రాయిస్త. నాకు అందం అద్దు, కిరీటం అద్దు. గీ ఒక్క పట్టీ అందరికి సరిపోను బట్ట కావాలె."

డప్పు ఆగింది. కాసేపటికి మస్కట్ పట్టీ వేసుకున్న కొత్త కోడలు, పెళ్ళయి ఆరు నెలలు కూడా కాలేదు, ఏడుస్తూ పట్టీ తల మీద నుంచి తీసేసింది. ఆమెను చూసి మిగతావాళ్ళు కూడా తీశారు. అది సారు చెప్పింది కాదు, మేము అనుకున్నదీ కాదు. కువైట్ ఆమె ఎప్పుడూ ఊరుకునేది కాదు, ఆ రోజు ఆమె కూడా పట్టీ చేతిలో నలుపుతూ నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు, జై తెలంగాణ అన్నారు. సారు జరీ కాగితం అంటించిన అట్ట కిరీటం నా తల మీద పెట్టాడు. కెమెరాలు మెరిశాయి.

నేను గెలిచాను. కానీ ఆ మాటలు భర్త దూరంగా ఉన్న మనిషి మాటలు. నా భర్త పొద్దున నా చేతి చాయ్ తాగి పోయాడు.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చాడు. చూసి ఒక మంచి మాట అంటాడేమో అని పట్టీ తీయకుండానే అన్నం పెట్టాను. "మీ పోటీ పాడుగాను, తోవ ఇడువకపోతిరి. నిండా సవారీతోని గంట సేపు హారన్ కొట్టుకుంట ఆగిన," అన్నాడు.

"ఏడ ఆగినవు?"

"గా టెంటుకు ఇవుతల్నే."

"మరి దిగి సూడకపోయినవా?"

"ఆటో ఇడిచిపెట్టి ఎట్ల దిగుత?" అని పప్పు వేయమన్నాడు.

మర్నాడు ఫొటో పేపర్లో వచ్చింది. కిరీటం పెడుతున్న సారు చెయ్యి నా మొహానికి అడ్డం వచ్చింది. పట్టీ మాత్రం పూర్తిగా పడింది. యారాలు దాన్ని వాడకట్టంతా తిప్పి, "గిది మా అక్కనే," అని చూపించింది.

శుక్రవారం మస్కట్‌లో సెలవు. మరిది ఫోన్ చేశాడు. అత్తమ్మకు కూడా వినపడాలని యారాలు ఎప్పుడూ స్పీకర్ పెట్టేది. మేము ముగ్గురం అక్కడే ఉన్నాం.

"నువ్వేడున్నవే ఫొటోల?" అన్నాడు మొదటే. "నెట్ల పేపర్ తీసి సూసినం. రూముల తొమ్మిది మందిమి. వంట గూడ పెట్టుకోలే, ఫోన్ కాడ్నే కూసున్నం. అందరికి చెప్పిన నేను, మా ఇంటామె తెలంగాణ అయితున్నదని. ఎంత పెద్దగ జేసి సూసినా నువ్వు కనపడతలేవు."

యారాలు అత్తమ్మ దిక్కు చూసింది. "జ్వరం అచ్చింది. పోలేదు."

"పోయిన వారం మంచిగనే మాట్లాడితివి?"

"పోటీ నాడే అచ్చింది."

"మరి పట్టీ ఎవలు ఏసుకున్నరు? మొఖం కనపడతలేదు."

"అక్క ఏసుకుంది."

"వదినెనా? అబ్బో, మంచిగున్నది," అన్నాడు. మర్యాదకు అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, తల్లి వింటోందని మరిచిపోయినట్టున్నాడు, "నిన్ను సూస్త అనుకున్ననే. ఏడాది దాటింది," అన్నాడు.

అత్తమ్మ నా దిక్కు చూసింది. నేను చాటలోకి చూశాను. మరిది సిగ్గుపడతాడని నేనే కదా చెప్పాను. ఆయనేమో రూములో అందరినీ కూర్చోబెట్టుకుని, అన్నం వండుకోకుండా, వేళ్ళతో ఫొటో పెద్దది చేసుకుంటూ భార్య మొహం వెతుక్కున్నాడు. నాకు బాధ కలగాలి. కలిగింది. కానీ దానికంటే ముందు ఇంకొకటి కలిగింది. అంత దూరం నుంచి ఒక మనిషి అట్లా వెతుకుతాడా అని. నా మనిషి వంద అడుగుల దూరంలో ఆటోలో కూర్చుని హారన్ కొట్టాడు.

ఫోన్ పెట్టేశాక యారాలు లేచి వెనక వాకిట్లోకి పోయింది. మొహం కడుక్కున్న చప్పుడు వచ్చింది. నేను మిషన్ సొరుగు తీసి, కోసిన ముక్క వెతికి, పట్టీకి అతుకు వేయడం మొదలుపెట్టాను. ఆమె తిరిగి వచ్చి చూసింది.

"ఏం జేస్తున్నవు అక్కా?"

"నీ కొలతకు జేస్తున్న. స్టూడియోల ఫొటో దిగుదువు. మరిదికి పంపుదాం."

"మంచిగనే ఉండె గద, ఎందుకు కోసినవు?"

మిషన్ ఆపాను. "నేను ఏసుకోవాలని కోసిన. అత్తమ్మకు చెప్పింది గూడ నేనే. మరిది ఏమనుకుంటడో అని నేనే ఎక్కించిన."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. తలుపు దగ్గర నిలబడి, తడి మొహం కొంగుతో చాలాసేపు తుడుచుకుంది.

"జల్ది కుట్టు," అంది. "స్టూడియో బంద్ జేస్తడు."

స్టూడియో బస్టాండు దగ్గర ఉండేది. ఇద్దరం నడిచి పోయాం. దారంతా ఆమె నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. స్టూడియోలో నీలం తెర ముందు నిలబడి పట్టీ వేసుకుంది. నేను వెనక నుంచి పిన్ను పెట్టాను. అతుకు భుజం వెనకకు పోయింది, ముందుకు కనపడదు.

ఫొటోలు తీసే ఆయన మమ్మల్ని చూసి, "అక్కచెల్లెండ్లా? ఇద్దరు కలిసి దిగుతరా?" అని అడిగాడు.

నేను జడ సరిచేసుకున్నాను.

"లేదు," అంది యారాలు. "నేనొక్కదాన్నే."

నేను పక్కకు జరిగాను. ఆమె చెప్పులు తెర ముందు అడ్డంగా ఉంటే వంగి తీసి చేతిలో పట్టుకున్నాను. ఆమె తల ఎత్తింది. నవ్వమని ఆయన చెప్పకముందే నవ్వింది. మస్కట్‌లో ఉన్న ఆయనకు నవ్వింది, మాకు కాదు. ఆ పట్టీ ఆమె మీద ఎంత బాగుందో చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, చాలా బాగుంది. చెప్పులు పట్టుకుని నిలబడి, అప్పుడు కూడా, ఆ నవ్వు నాది కాలేదే అనే అనుకున్నాను.